పాత పాలియో 1.6లో ట్యాపెట్ల టకటక, సెట్టింగ్ చేయిస్తే పోతుందా?

అడిగినాయనది 2002 ఫియట్ పాలియో 1.6 కారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ పైభాగంలో టకటకమంటోందట, మెకానిక్ చూసి "ట్యాపెట్ సెట్టింగ్ చేయాలి" అన్నాడట, చేయించాలా అని ప్రశ్న. చేయించకండి. ముందు బండి అక్కడి నుంచి తెచ్చేసుకోండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ట్యాపెట్ అంటే వాల్వుని తెరిచే క్యామ్‌కీ (మొన ఉన్న, తిరిగే షాఫ్టు) వాల్వుకీ మధ్య కూర్చునే ముక్క. ఆ ఇంజన్లో సెట్ చేయడానికి ఏమీ లేదండీ. అంబాసిడర్‌కో మారుతి 800కో ఉన్నట్టు స్క్రూ, లాక్ నట్టు, గేజ్ పెట్టి చూసుకునే గ్యాపు, ఇవేవీ ఇందులో ఉండవు. పదహారు వాల్వుల మీద పదహారు హైడ్రాలిక్ ట్యాపెట్లు బోర్లించిన గిన్నెల్లా కూర్చుని ఉంటాయి. ఒక్కోదాని లోపల చిన్న ప్లంజరు, స్ప్రింగు, ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే బుల్లి గుండు. ఆయిల్ లోపలికి ఎక్కి గ్యాపుని ఎప్పటికప్పుడు పూడుస్తుంది. ఆయిల్ చేరకపోయినా, చేరింది నిలవకపోయినా ట్యాపెట్ కుంగుతుంది, క్యామ్ వచ్చి తగిలినప్పుడల్లా టక్ మంటుంది. లేని స్క్రూని తిప్పుతానని డబ్బులు అడిగేవాడికి హెడ్ విప్పే పని అప్పగిస్తారా?

నాదీ పాలియో 1.6 జీటీఎక్సే, ఎర్రది. కాలేజీలో ఉన్నప్పుడు సచిన్ ప్రకటన చూసి ఎప్పటికైనా కొనాలనుకున్న బండి, 2014లో గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. అది స్పోర్ట్స్ కారు ఎలా అవుతుందని వాదించేవాళ్ళు బెజవాడ వారధి దాటాక మంగళగిరి వైపు మూడో గేరులో ఒక్కసారి తొక్కి చూడాలి. అంత చిన్న బండికి వంద గుర్రాల ఇంజను పెట్టి అమ్మిన కంపెనీ మన దేశంలో ఆ రోజుల్లో ఇంకోటి నాకు కనపడలేదు.

కొన్న నాలుగో ఏడు శబ్దం మొదలైంది. మొదటి మెకానిక్ సెట్టింగ్ అని రెండు వేలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే ట్యాపెట్ కవర్ బోల్టుల మీద దుమ్ము అలాగే ఉంది, ఒక్కదానికీ స్పానర్ తగల్లేదు. రెండోవాడు "మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు సార్" అని 20డబ్ల్యూ50 అనే మందం ఆయిల్ పోశాడు. అప్పటిదాకా అయిదు సెకన్లు ఉన్న శబ్దం పావు నిమిషం అయింది. ఆయిల్ ఎంత మందంగా ఉంటే చల్లటి ఇంజన్లో పైకి చేరడానికి అంత టైమ్ పడుతుంది, ఇది చెప్తే వినేవాళ్ళేరీ? మే నెలలో బెజవాడ 45 డిగ్రీలకి పోయినా, ఇంజన్ లోపల వేడి ఎప్పుడూ దానికి రెట్టింపు ఉంటుంది, కూలింగ్ సరిగ్గా ఉంటే బయటి ఎండ వల్ల అది పెద్దగా మారదు. మందం ఆయిల్ పిచ్చి మన ఊళ్ళో ఎప్పుడు పోతుందో! ఇంకొకాయన డీజిల్ పోసి ఫ్లష్ కొడదామన్నాడు, దానికి మాత్రం ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే కింద ఆయిల్ పీల్చే జల్లెడలో ఇరుక్కుంటుంది, ఆయిల్ పైకి రావడమే ఆగిపోతుంది, అప్పుడు ట్యాపెట్లు కాదు, బేరింగులే పోతాయి.

చివరికి ఆటోనగర్ లోపల, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, ఒక పెద్దాయన దొరికాడు. సాయంత్రం తీసుకెళ్తే బానెట్ కూడా ఎత్తలేదు. "ఇంత వేడి మీద ఏం వింటాం బాబూ, రాత్రికి బండి ఇక్కడే ఉంచెయ్, పొద్దున్నే ఆరింటికి రా" అన్నాడు. అప్పటిదాకా ఏ మెకానిక్కూ ఈ మాట అనలేదు. పొద్దున నేను వెళ్ళాకే తాళం తిప్పాడు. పొడుగు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, మొన కవర్ మీద ఒక్కో చోటే పెడుతూ, కళ్ళు మూసుకుని విన్నాడు. ముందు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర పెట్టాడు, అవి సహజంగానే టిక్కుటిక్కుమంటాయి కాబట్టి ఆ శబ్దాన్ని పక్కన పెట్టడానికి. తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టాలు) అంచు చుట్టూ చెయ్యి తిప్పాడు. అక్కడ గాస్కెట్ లీకైతే అచ్చం ట్యాపెట్ లాగే మోగుతుంది, ఇనుము వేడెక్కి బిగుసుకున్నాక ఆగిపోతుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇంకో గుర్తు కూడా చెప్పాడు. క్యామ్ షాఫ్ట్ ఇంజన్ వేగంలో సగమే తిరుగుతుంది, ఐడిల్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక ట్యాపెట్ నిమిషానికి 400 సార్లే కొడుతుంది. అంతకంటే వడిగా, అదీ కింద నుంచి బరువుగా, లోడు పడ్డప్పుడు పెరుగుతూ వస్తే అది ట్యాపెట్ కాదు, బేరింగ్. అలాంటప్పుడు బండి నడపకూడదు, తాడు కట్టి లాక్కెళ్ళాలి.

తర్వాత ఆయిల్ లైట్ స్విచ్ తీసి అక్కడ గేజ్ పెట్టాడు, ప్రెషర్ బాగానే ఉంది. ఫిల్టర్ విప్పి రంపంతో కోశాడు. లోపల ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపే రబ్బరు మూత ఉంటుంది, అది గట్టిపడి అప్పడంలా విరిగింది. బజార్లో చవగ్గా దొరికిందని ఎవరో వేసిన ఫిల్టరు! రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంటే పొద్దున ట్యాపెట్లు ఎండిపోయి కొట్టుకోవా? మంచి ఫిల్టరు, కొంచెం పల్చటి 10డబ్ల్యూ40 ఆయిల్ వేసి "పదిహేను రోజులు తిప్పుకురా" అని పంపించాడు. ముప్పాతిక శబ్దం దాంతోనే పోయింది. అందుకే అంటున్నాను, మీరు కూడా ఫిల్టరు, ఆయిల్ మార్చకుండా ట్యాపెట్ల దాకా వెళ్ళకండి.

మిగిలింది మాత్రం వేడెక్కాక కూడా ఆగలేదు, అప్పుడు విప్పాం. క్యామ్ మొన పైకి తిరిగి ఉన్నప్పుడు చెక్కపుల్లతో ఒక్కో ట్యాపెట్‌నీ నొక్కితే మంచివి రాయిలా ఉన్నాయి, మూడు మాత్రం మెత్తగా కిందికి దిగాయి. మూడే మారుద్దామా అని అడిగితే, "మళ్ళీ ఆర్నెల్లకి నాలుగోది మోగుతుంది, క్యాముల్ని తిప్పే టైమింగ్ బెల్టు మళ్ళీ విప్పాలి" అన్నాడు. పదహారూ మార్చాం. ఆటోనగర్లో నాలుగు రోజుల్లో లారీ బాడీ కట్టిస్తారు గానీ పాలియో ట్యాపెట్ అడిగితే లేదని చెయ్యి ఊపేస్తారు, పూణే నుంచి తెప్పించాను, పద్నాలుగు వేల పైన అయింది. ఫియట్ 2019లో ఇక్కడ అమ్మకాలు ఆపేశాక మరీ కష్టమైంది.

బిగించేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి చెప్తాను. కొత్త ట్యాపెట్లు రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నానాలి. క్యాములు పట్టి ఉంచే క్యాపులు నంబరు ప్రకారం ఎక్కడివి అక్కడే పెట్టి కొంచెం కొంచెంగా బిగించాలి. విప్పినవాటిని ఆయన కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టి ఏ వాల్వుదో సుద్దతో రాశాడు, ఎందుకంటే ట్యాపెట్ అరిగితే దాని పైనున్న క్యామ్ కూడా చూడాలి. టైమింగ్ బెల్టు కొత్తది వేయించండి. అంతా బిగించగానే తాళం తిప్పబోయాను, చెయ్యి పట్టుకున్నాడు. "ఆయిల్ తాగి ఉబ్బి ఉన్నాయి బాబూ, వాల్వులు తెరిచి పట్టుకుంటాయి, ఇప్పుడు తిప్పితే పిస్టన్‌కి తగులుతాయి" అన్నాడు. ముప్పావు గంట టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. వచ్చాక స్పానర్‌తో ఇంజన్‌ని చేత్తోనే రెండు చుట్లు నిదానంగా తిప్పి, ఎక్కడా అడ్డం పడలేదని చూసుకుని, అప్పుడు స్టార్ట్ చేయమన్నాడు. రెండు మూడు నిమిషాలు టకటకమంది, నాకు ఒకటే టెన్షన్, తర్వాత ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చి ఫ్యాన్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

మీరు రేపు పొద్దున రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ని స్టార్ట్ చేసి, శబ్దం ఎన్ని సెకన్లు ఉందో, వేడెక్కాక ఆగిందో లేదో, ఫిల్టరు మీద ఏ కంపెనీ పేరుందో ఇక్కడ రాయండి.