కుందాల ధర గురించి పెదనాన్న ఉత్తరం

చిన్నా,

నువ్వు ఎయిర్ రైఫిళ్లకి చెక్క కుందాలు, అదే గొట్టాన్ని పట్టి ఉంచి భుజానికి ఆనే చెక్క భాగాలు, చేసి అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేతిపని మన ఇంట్లో ఇంకా బతికే ఉందని గర్వంగా అనిపించింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర మాత్రం పట్టలేదు. తుపాకీ మాట ఉన్న వ్యాపారమంటే నాకు భయం రా.

ముందు ఆ భయం సంగతే రాస్తాను. పాయింట్ 177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. నీ పని అక్కడితో ఆగాలి. రేపు ఎవరో పెద్దమనిషి వాళ్ల తాతగారి ఇషాపూర్ ఫ్యాక్టరీ పాయింట్ 315 తుపాకీ తెచ్చి, "కుందా మెడ దగ్గర చిట్లింది బాబూ, ఎంతైనా ఇస్తాను, కొత్తది చేసిపెట్టు" అంటాడు. ముట్టుకోకు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. లైసెన్స్ లేకుండా చేసినా, బాగుచేసినా, అమ్మినా నేరమే. 2019 సవరణతో శిక్షలు ఇంకా పెరిగాయి. లైసెన్స్ ఉన్న షాపుకి వెళ్లమని దండం పెట్టి పంపించెయ్. మొదటి కుందా అమ్మకముందే ఒక వకీలుని కలిసి, నీ పని ఎంతవరకు చెల్లుతుందో కాగితం మీద రాయించుకో. ఆ ఫీజు దగ్గర పిసినారితనం చెయ్యకు.

బిల్లు, జీఎస్టీ, సగం అడ్వాన్సు నీకు తెలిసినవే.

ఇక ధర. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు నువ్వు డాబా మీద చీపురుకట్ట భుజానికి ఆనించి గురిపెట్టేవాడివి. అలాంటి పిల్లల తండ్రులే నీ దగ్గరికి వస్తారు. ఎనిమిది వేల రైఫిల్‌కి ఆరు వేల కుందా ఎవరూ కొనరు. కాబట్టి ధర తగ్గించక తప్పదు. ఎక్కడ తగ్గిస్తావన్నదే నా దిగులు.

మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. పెళ్లికి ముందు వాడు ముషీరాబాద్‌లో చిన్న షెడ్డు పెట్టి, లైసెన్స్ ఉన్న ఒక తుపాకుల షాపు కోసం కుందాలు చేసేవాడు. చెయ్యి బంగారం. పక్కవాడి కంటే తక్కువకి ఇవ్వాలన్న పంతంతో ఒక వానాకాలం భోయిగూడ కలప డిపోలో సరిగా ఆరని టేకు చవగ్గా కొన్నాడు. అంగుళం మందానికి ఏడాది ఆరాలని వాడికి తెలియక కాదు, ఆగలేకపోయాడు. పాలిష్ చేస్తే అద్దంలా మెరిశాయి. ఆర్డర్లు కుప్పలుగా వచ్చాయి. ఏప్రిల్ ఎండలకి చెక్క కుంచించుకుపోయింది. స్క్రూలు వదులయ్యాయి, కుందాలు మెలి తిరిగి ముందుభాగం గొట్టానికి ఒకవైపు ఆనుకుంది. నాలుగు గుళ్లు కాల్చేసరికి గొట్టం వేడెక్కి గురి పక్కకి జరిగేది. సరుకంతా తిరిగొచ్చింది. ఎవరితోనూ వాదించకుండా డబ్బు వెనక్కిచ్చాడు, దానికోసం రంపం మెషిన్ అమ్మేశాడు. ఆ తర్వాత వాడు ఉలి పట్టడం నేను చూడలేదు. నువ్వు వడ్రంగం నేర్చుకుంటానన్నప్పుడు వాడు అరిచింది నీ మీద కోపంతో కాదు.

అందుకే చెక్క ఆరే కాలంలో, రైఫిల్ కూర్చునే గాడిలో పైసా తగ్గించకు. తేమ కొలిచే మీటరు కొను. పన్నెండు శాతం దాటితే ఆ పలక పక్కన పెట్టు. తగ్గించాలంటే పట్టు కోసం చెక్కే గీతలు తీసెయ్, మెరుపు పాలిష్ బదులు నూనె పట్టించు, చెంప ఆనించే చోటు ఎత్తు సర్దుకునే ఏర్పాటు అడిగినవాళ్లకే విడిగా అమ్ము. శీషం చెక్క అందంగానే ఉంటుంది గానీ బరువు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో రైఫిల్ మొత్తం 5.5 కిలోలు దాటకూడదు, కుందా బరువు బిల్లు మీద రాసి ఇవ్వు.

లెక్క కూడా సరిగా వెయ్యి. ఒక్కో కుందాకి చెక్క, మెషిన్, నీ కూలి కలిపి 2,400 అయిందనుకో. పది చేస్తే 24,000. అందులో రెండు పగులుతాయి, మెలి తిరుగుతాయి. మిగిలిన ఎనిమిదే ఆ ఖర్చు మొయ్యాలి, అంటే ఒక్కోటి 3,000 పడింది. షెడ్డు అద్దె, కొరియర్, తిరిగొచ్చేవి, లాభం ఇంకా కలపనే లేదు. 2,800కి ఇస్తే జనం ఎగబడతారు, నువ్వు మునుగుతావు. నీ కూలి రాసుకోవడానికి మొహమాటపడకు, నువ్వూ అన్నం తినాలి కదా నాన్నా.

ధర ఎవరికీ చెప్పకముందే ఆ లెక్క కాగితం నాకు పంపు. మీటరు డబ్బులు నేనిస్తాను, కొనడానికి రాణిగంజ్‌కి ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ పెదనాన్న