షెడ్డులో స్విఫ్ట్, పరీక్షలో థర్మల్

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి గుంటూరు దగ్గర బీటెక్ మెకానికల్ మూడో ఏడాది, హాస్టల్లో ఉంటాడు. మా అన్నయ్య వాడి వదిలేసిన 2011 స్విఫ్ట్ డీజిల్ కారు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. శుక్రవారం రాత్రి ఇంటికొస్తే ఆదివారం రాత్రి దాకా దాని కిందే. సంక్రాంతి ముందు విజయవాడ ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ టర్బో తెచ్చి, లేబర్ లేకుండా తనే మార్చాడు. మొత్తం 18 వేలయింది. రెండు నెలల్లో అదీ పోయింది, నీలం పొగ వస్తోంది. ఈలోగా థర్మల్ ఇంజనీరింగ్‌లో ఫెయిలయ్యాడు. వాళ్ల నాన్నగారు కారుని తుక్కుకి వేసేస్తానంటున్నారు. మా ఆడపడుచు కొడుకు కోడింగ్ నేర్చుకుని హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. వీణ్ణీ ఆ దారిలో పెట్టమంటారా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. మీ వారితో చెప్పి కారు అమ్మకం రెండు నెలలు ఆపించండి. ఎందుకంటే మీ అబ్బాయి షెడ్డులో చేస్తున్నదీ, పరీక్షలో పోగొట్టుకున్నదీ ఒకటే సబ్జెక్టు. అది వాడికింకా తెలిసినట్టు లేదు. తెలిసిన రోజున మీ సమస్య సగం తీరుతుంది.

టర్బో అంటే ఏమిటో మీకు రెండు ముక్కల్లో చెబుతాను, రేపు వాడితో మాట్లాడటానికి పనికొస్తుంది. ఇంజన్ వదిలేసే పొగ వేడిగా, వేగంగా బయటికి పోతుంది. ఆ పోయే పొగకి ఒక చిన్న చక్రాన్ని అడ్డం పెడతారు. అది గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొసన ఇంకో చక్రం ఉండి, బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పడితే డీజిల్ ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. ఒత్తిడి మరీ పెరగకుండా మీ కుక్కర్ వెయిట్ లాంటి ఏర్పాటు కూడా ఉంటుంది. దాన్ని వేస్ట్‌గేట్ అంటారు. స్విఫ్ట్‌లో ఉన్న 1,248 సీసీ ఇంజన్ ఫియట్ వాళ్ల డిజైన్. అంత చిన్న ఇంజన్ 75 హార్స్‌పవర్ ఇచ్చిందంటే ఈ టర్బో చలవే.

ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో ఇనుముకి ఇనుము తగిలితే క్షణం నిలవదు. మధ్యలో పలచటి ఆయిల్ పొర ఉండాలి. ఇంజన్ నుంచి పెన్సిలంత సన్నటి పైపులో ఆ ఆయిల్ వస్తుంది. ఏళ్ల తరబడి సరిగా ఆయిల్ మార్చని కారులో ఆ పైపు లోపల నల్లటి మడ్డి పేరుకుంటుంది. ఉప్పునీళ్ల ఊళ్లో కుళాయి గొట్టం పూడుకుపోతుంది చూడండి, అచ్చం అలాగే. అప్పుడు టర్బోకి ఆయిల్ అందదు, ఇరుసు అరిగి ఆడుతుంది, సీలు పోతుంది, ఆయిల్ ఇంజన్‌లోకి దిగి కాలుతుంది. మీరు రాసిన నీలం పొగ అదే అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. కొత్త టర్బో వేసినా, పాత పైపు అలాగే ఉంటే రెండోదీ అదే దారి పడుతుంది. సెకండ్ హ్యాండ్ సామానులో లోపం ఉండొచ్చు, నిజమే. కానీ వరసగా రెండు పోయాయంటే నేను ముందు పైపునీ, ఆయిల్‌నీ, టర్బో నుంచి ఆయిల్ తిరిగి కిందికి పోయే గొట్టాన్నీ చూస్తాను.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నాలుగేళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. అక్కడ మా సీనియర్ మాకు నేర్పిన మొదటి పాఠం, పోయిన పార్టు మార్చడం కాదు, ఎందుకు పోయిందో తేల్చడం. మీ అబ్బాయి పార్టు మార్చాడు. కారణం వెతకలేదు. 18 వేలు పోయింది ఆ ఒక్క మెట్టు దాటేసినందుకే. 20 ఏళ్ల వయసులో, ఇంటి షెడ్డులో, ఆ ధరకి ఆ పాఠం దొరికిందంటే నేను ఖరీదెక్కువ అనను. కాకపోతే అది పాఠంగా కాగితం మీదికి ఎక్కాలి.

అందుకే మీరు చేయాల్సిన మొదటి పని: వచ్చే శనివారం కాఫీ తీసుకుని షెడ్డులోకి వెళ్లి, "నోట్‌బుక్ ఏదిరా?" అని అడగండి. ఏ రోజు ఏం విప్పాడు, విప్పేముందు ఏం కనిపించింది, ఏ బోల్టు ఎంత బిగువుతో బిగించాడు, ఏ ఆయిల్ పోశాడు, ఎంత ఖర్చయింది, ఇవి రాసి ఉన్నాయా? నోట్‌బుక్ ఉంటే మీ అబ్బాయి ఇంజనీరు అయ్యే దారిలో ఉన్నాడు. లేకపోతే ఆ రోజే 200 పేజీల పుస్తకం ఒకటి కొనివ్వండి. ఇంటర్వ్యూలకి వెళ్లిన పిల్లల్ని చాలామందిని చూశాను. "నాకు కార్లంటే ప్రాణం సార్" అనేవాళ్లు కోకొల్లలు. "రెండో టర్బో ఎందుకు పోయిందో ఇలా కనుక్కున్నాను, ఇదిగో ఫొటోలు, ఇవీ రీడింగులు" అని ముందు పెట్టినవాణ్ణి మాత్రం అవతలి ఇంజనీరు ముందుకి వంగి మరీ వింటాడు.

ఇక ఆ థర్మల్ సంగతి. వాడితో ఈ లెక్క చేయించండి. 27 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కింది. బయటికొచ్చే గాలి వేడి ఎంత? నష్టమేమీ లేదనుకుంటే దాదాపు 93 డిగ్రీలు. గాలిని నొక్కే ఆ చక్రం, అంటే కంప్రెసర్, సామర్థ్యం 70 శాతమే అనుకుంటే 120 డిగ్రీలు దాటుతుంది. ఈ లెక్క వాడి సిలబస్‌లోదే. బండి నడిపి ఆపాక బానెట్ ఎత్తి టర్బో నుంచి వచ్చే గాలి పైపు దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమనేది కూడా ఆ లెక్క వల్లే. మీ వాడికి ఆ పైపు తెలుసు, ఆ ఫార్ములా తెలియదు. సప్లిమెంటరీకి ఇలాంటివి పదిహేను ప్రశ్నలు తన కారు మీద తనే తయారు చేసుకుని చేస్తే చాలు, ఆ పేపరు గట్టెక్కేస్తాడు. కాబట్టి మీరు పెట్టాల్సిన షరతు ఇది: సప్లిమెంటరీ అయ్యేదాకా శనివారం షెడ్డు, ఆదివారం పుస్తకం. రెండో బ్యాక్‌లాగ్ పడితే, అంటే ఇంకో సబ్జెక్టు పోతే, కారుకి కవరు కప్పేయడమే. దీంట్లో మెత్తబడొద్దు. చాలా కంపెనీలు ప్లేస్‌మెంట్‌కి వచ్చినప్పుడు ముందు అడిగేది బ్యాక్‌లాగులు ఉన్నాయా అనే.

డబ్బు విషయంలో కూడా నెలకింత అని ఒక మొత్తం అనుకోండి, అంతకు మించి వద్దు. స్నేహితుల దగ్గర అప్పు చేస్తున్నాడని తెలిసినా, రాత్రిపూట హైవే మీద పందాలకు పోతున్నాడని తెలిసినా కారు ఉంచమని నేను చెప్పను. అప్పుడు మీ వారి మాటే సరైనది.

భద్రత గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఈ భాగం మీ అబ్బాయి చేతే చదివించండి. సర్వీస్ సెంటర్‌లో చేరిన మొదటి ఏడాది ఒక డీజిల్ కారు వచ్చింది, టర్బో సీలు పోయింది. స్టార్ట్ చేయగానే ఇంజన్ దానంతటదే అరుపు పెంచుకుంటూ పోయింది. తాళం తీసేశాం, ఆగలేదు. సీలు దాటి వస్తున్న తన ఆయిల్‌నే తాగి మండుతోంది కాబట్టి డీజిల్ ఆపినా లాభం లేదు. షెడ్డంతా పొగ. మేమందరం వెనక్కి పరిగెత్తాం. మా సీనియర్ ఒక్కడూ లోపల కూర్చుని, నాలుగో గేర్ వేసి, బ్రేకు బలంగా తొక్కిపట్టి, క్లచ్ వదిలేశాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇప్పటికీ ఆ అరుపు నా చెవుల్లో ఉంది. మీ షెడ్డులో ఉన్న కారు నీలం పొగ వదులుతోంది. టర్బో సంగతి తేలేదాకా దాన్ని స్టార్ట్ చేయకూడదు. "ఒక్కసారి చూసి ఆపేస్తా" అన్నా సరే, వద్దు.

ఇంకో రెండు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరకూడదు. స్టాండ్లు వేయాలి, తీసిన చక్రాన్ని కూడా కారు కిందికి తోసి ఉంచాలి. అలాగే ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేయకూడదు. కారు టైరులో గాలి 2 బార్ ఉంటే, ఈ ఇంజన్ డీజిల్ పైపులో ఒత్తిడి వెయ్యి బార్ పైకి కూడా వెళ్తుంది. సన్నటి ధారగా చిమ్మితే చర్మంలోకి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం. పని చేసేటప్పుడు ఇంట్లో ఒక మనిషి మేలుకుని ఉండాలి. అర్ధరాత్రి ఒంటరిగా కారు కిందికి వెళ్లడం ఈ రోజుతో బంద్.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రీమ్యాప్ చేస్తాం (ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మారుస్తాం), పెద్ద టర్బో వేస్తాం, పికప్ పెంచుతాం అనేవాళ్లు కుర్రాళ్ల వెంటపడతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఆ యజమాని ఎవరు? కాగితాల్లో ఇంకా మీ అన్నయ్య పేరే ఉందేమో చూసుకోండి. పైగా 2011లో రిజిస్టరైన కారుకి 2026తో 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోకుండా రోడ్డెక్కకూడదు. మీ వాడి లక్ష్యం అదే పెట్టుకోమనండి: పికప్ పెంచడం కాదు, పదిహేనేళ్ల కారుని పొగ పరీక్షలో, ఫిట్‌నెస్‌లో మచ్చ లేకుండా పాస్ చేయించడం. నన్నడిగితే అది పెద్ద టర్బో బిగించడం కన్నా కష్టమైన పని, గొప్ప పని.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, కోడింగ్. మీ ఆడపడుచుగారి అబ్బాయికి నప్పింది కాబట్టి వీడికీ నప్పుతుందని లేదు. అలాగని కోడింగ్ మనకెందుకులే అని వదిలేయడమూ పొరపాటే. ఇవాళ్టి ఇంజన్‌లో గాలి ఎంత, డీజిల్ ఎంత అని నిర్ణయించేది కంప్యూటరే. ఆ అంకెల్ని కుదిర్చే పనిని క్యాలిబ్రేషన్ అంటారు, పుణె, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలోని ఆటోమొబైల్ ఇంజనీరింగ్ సెంటర్లలో అదొక పెద్ద ఉద్యోగం. దానికి ఇంజన్ తెలియాలి, డేటా చదవడమూ తెలియాలి. కారు కంప్యూటర్‌కి తగిలించే ఓబీడీ అడాప్టర్ అనే చిన్న పరికరం వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది, అది కొని ఫోన్‌కి కలిపితే కారు సెన్సర్లు చెప్పే అంకెలు కనిపిస్తాయి. కారు బాగయ్యాక ఆ రీడింగులు రికార్డు చేసి, పైథాన్ అనే కోడింగ్ భాషలో గ్రాఫ్ గీయమనండి. చప్పుడు లేకుండా కోడింగ్ మొదలైపోతుంది, అదీ తనకి ఇష్టమైన దాని మీద. ఫైనలియర్ ప్రాజెక్టు కూడా దీంట్లోంచే తీయొచ్చు, బయట డబ్బిచ్చి కొనే ప్రాజెక్టు రిపోర్టు అవసరం ఉండదు.

కాలేజీలో ఎస్‌ఏఈ క్లబ్ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం విద్యార్థి విభాగం) ఉంటే వెంటనే చేరమనండి. బాజా పోటీలు, కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ లాంటివి పిల్లలు సొంతంగా బండి తయారు చేసి తీసుకెళ్లే పోటీలు. షెడ్డులో ఒంటరిగా పనిచేసేవాడికి అక్కడ నలుగురితో కలిసి, గడువులో పని ముగించడం అలవాటవుతుంది. మీ అబ్బాయికి ఆ అలవాటు అవసరమని మీ ఉత్తరం చూస్తే నాకనిపిస్తోంది.

చదువు మీద మనసుంటే గేట్ రాసి ఎంటెక్‌లో ఇంజన్ల వైపు వెళ్లొచ్చు. పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ, వీఐటీ యూనివర్సిటీతో కలిసి నడిపే ఆటోమోటివ్ ఎంటెక్ ఆ రంగంలో పేరున్నది. ఫ్యాక్టరీ ఉద్యోగమంటే మన దగ్గరే పెనుకొండలో కియా 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది, మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ఉంది. సర్కారు కొలువు కావాలంటే అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టు మెకానికల్ వాళ్లకి సరిగ్గా సరిపోతుంది. నోటిఫికేషన్లు అరుదు, తెలంగాణలో 2022లో 113 పోస్టులకి ఒకటి వచ్చింది. దానికి హెవీ లైసెన్సు అడుగుతారు. మామూలు కారు లైసెన్సు తీసుకుని ఏడాది నిండితేగానీ హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. మీ వాడు ఇంకా లైసెన్సు తీసుకోకపోతే ఈ నెలలోనే తీయించండి. నోటిఫికేషన్ వచ్చాక ఆర్టీఓ ఆఫీసుకి పరిగెత్తిన పిల్లలు ఆ ఏడాది దగ్గరే ఆగిపోయారు. ఎవరూ పెద్దగా చెప్పని దారి ఇంకోటుంది, ఇన్సూరెన్స్ సర్వేయర్. దెబ్బతిన్న బండిని చూసి నష్టం ఎంతో, కారణమేమిటో తేల్చే పని. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ట్రైనీగా చేరి, పరీక్ష రాసి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చే లైసెన్సు తెచ్చుకోవచ్చు.

ఎలక్ట్రిక్ కార్లొస్తే ఇదంతా వృథా కదా అని మీ వారు అనొచ్చు. చిన్న కార్లలో మార్పు వేగంగానే వస్తోంది. కానీ ఇప్పుడు షోరూముల్లో అమ్ముతున్న పెట్రోల్ కార్లలోకీ టర్బోలు వచ్చేశాయి, లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు ఇంకా చాలా ఏళ్లు డీజిల్ మీదే. బ్రేకులు, సస్పెన్షన్, కూలింగ్, వైరింగ్, లోపం వెతికే పద్ధతి ఏ బండికైనా ఒకటే.

సొంత వర్క్‌షాపు పెడతానంటే? దాన్నీ చిన్నచూపు చూడకండి. అయితే డిగ్రీ పూర్తయ్యాక, రెండు మూడేళ్లు మంచి చోట పనిచేశాక.

మీ వారికి ఈ ఉత్తరం చూపించండి. ఆయన కోపంలో న్యాయముంది, 18 వేలు ఊరికే రావు. శనివారం ఆయన్నే షెడ్డులోకి తీసుకెళ్లండి. మూడో టర్బో గురించి మాట వచ్చేలోపు అబ్బాయి ఆ సన్నటి ఆయిల్ పైపు విప్పి, ఒక కొసన నోటితో ఊదితే రెండో కొసన గాలి వస్తోందో లేదో తండ్రి ముందే చూపించాలి. ఏం తేలిందో నోట్‌బుక్‌లో మొదటి పేజీలో తేదీ వేసి రాయమనండి. ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి.