బ్రష్ కట్టర్ రేస్ ఇవ్వగానే ఆగిపోతున్నదా? స్క్రూల జోలికి చివరన వెళ్లండి

మీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ పొద్దున బాగానే అందుకుంటున్నదని, కొంతసేపు నడిచాక రేస్ ఇవ్వగానే ఆగిపోతున్నదని, రేస్ వదిలేసినా బ్లేడు తిరుగుతూనే ఉన్నదని రాశారు. మెకానిక్ కొత్త కార్బొరేటర్ వేయాలంటున్నారని, ఉన్న కార్బొరేటర్ స్క్రూలు తిప్పితే సరిపోదా అని అడిగారు. నాకు నల్లగొండ జిల్లా నిడమనూరు వైపు నాలుగెకరాల బత్తాయి తోట ఉన్నది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, దసరా దాకా చెట్ల మధ్య గరిక, తుంగ, వయ్యారిభామ ఆగకుండా లేస్తాయి కనుక ఏడేళ్లుగా ఈ మిషన్‌ను నేనే నడుపుతున్నాను, నేనే విప్పుకుంటున్నాను.

మీరు చెప్పినవి రెండు రోగాలుగా కనిపిస్తున్నా, మూలం ఒక్కటేనని నా అనుమానం. ఇంజిన్‌కు ఎక్కడో పెట్రోలు చాలడం లేదు. చాలక ఆగిపోతుంటే ఎవరో ఐడిల్ స్క్రూ బిగించి స్లో స్పీడు పెంచి ఉంటారు. వేగం పెరిగితే క్లచ్ షూలు విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటాయి కాబట్టి, మీరు రేస్ ఇవ్వకపోయినా బ్లేడు తిరుగుతుంది. అంటే అసలు లోపాన్ని అట్లాగే ఉంచి దాని మీద ఇంకొకటి తెచ్చిపెట్టారన్నమాట. ఆ మిషన్‌ను ఈ స్థితిలో భుజానికి తగిలించుకొని గట్ల మీద నడవకండి.

కార్బొరేటర్ కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఇంజిన్ ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూతను కొద్దిగా వదులు చేసి మళ్లీ తాడు లాగండి. వెంటనే అందుకొని మామూలుగా నడిచిందంటే మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందని అర్థం. పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ జాగాలోకి గాలి రాకపోతే, ట్యాంకు లోపల పీల్పు ఏర్పడి పెట్రోలు ముందుకు రాదు. మూత కడిగితే సరిపోయే ఈ లోపానికి మా ఊళ్లో రెండు కార్బొరేటర్లు మారాయి, అందులో ఒకటి నాదే.

మూత బాగానే ఉంటే ట్యాంకు అడుగున పైపు కొసకు ఉండే చిన్న ఫిల్టరును తీగ కొక్కెంతో బయటికి లాగి చూడండి. నల్లగా, జిగటగా ఉంటే మార్చాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం నిండిన డబ్బాలో వారాల తరబడి నిలవ ఉంచితే ఆ నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగవచ్చు. ఫిల్టరు పీల్చేది కూడా అడుగు నుంచే. పాత రబ్బరు పైపులు, స్టార్ట్ చేసే ముందు నొక్కే ప్రైమర్ బుడ్డ గట్టిపడి పగుళ్లివ్వడానికి కూడా ఇథనాల్ ఒక కారణం. పైపు పగిలితే అక్కడ పెట్రోలుకు బదులు గాలి లాగుతుంది. అందుకే నేను ఒక్కసారికి రెండు లీటర్లకు మించి పెట్రోలులో ఆయిల్ కలపను, రెండు మూడు వారాల్లో అవగొడతాను. పాళ్ల విషయంలో మీ మిషన్ పుస్తకం ఏది చెబితే అదే పాటించండి. 25:1 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్, 50:1 అంటే 20 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయకండి, మందు కొట్టే కొలత గ్లాసు ఒకటి దీనికోసమే పక్కన పెట్టుకోండి.

ఎయిర్ ఫిల్టరు స్పాంజి అయితే సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. మా చెలకల దుమ్ముకు నేను రెండు రోజులకొకసారి కడుగుతాను. సైలెన్సర్ నోటి దగ్గర జాలీ ఉంటే అందులో మసి పేరుకున్నా ఇంజిన్ రేస్ అందుకోదు. ప్లగ్ కొస ఇటుక రంగులో ఉంటే గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉన్నట్టు, తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువైనట్టు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువైనట్టు.

ఇవన్నీ చూశాకే స్క్రూలు. కొన్ని మిషన్లకు ఐడిల్ స్క్రూ ఒక్కటే ఉంటుంది. మీ దానికి ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (పూర్తి వేగానికి) అని పెట్రోలును సర్దే రెండు సూది స్క్రూలు కూడా ఉంటే, ముట్టుకునే ముందు ఒక్కొక్కటి పూర్తిగా మూసుకోవడానికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసుకోండి. మూసేటప్పుడు తగలగానే ఆపండి, బలంగా బిగిస్తే సూది మొన చెడిపోతుంది. తిరిగి తొలి లెక్కకే తెచ్చి, ఇంజిన్‌ను పది నిమిషాలు వేడెక్కనివ్వండి. బ్లేడుకు ఏమీ తగలకుండా, పక్కన ఎవరూ లేకుండా చూసుకొని, ముందుగా ఎల్ స్క్రూను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ స్లో స్పీడు ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదో పట్టుకొని, అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తెరవండి. రేస్ ఇవ్వగానే తడబడకుండా అందుకోవాలి. తడబడితే ఇంకొంచెం తెరవండి. తర్వాత ఐడిల్ స్క్రూను వదులు చేస్తూ బ్లేడు పూర్తిగా ఆగి, ఇంజిన్ మాత్రం ఆగకుండా నడిచే చోట వదిలేయండి.

హెచ్ స్క్రూతోనే అసలు ప్రమాదం. మొదటి సంవత్సరం పొగ ఎక్కువ వస్తున్నదని నేను దాన్ని కొంచెం కొంచెం లోపలికి తిప్పాను. పొగ పోయింది, చప్పుడు సన్నబడి జుయ్యిమన్నది, మిషన్‌కు కొత్త ప్రాణం వచ్చిందని నేను మురిసిపోయాను. రోహిణి కార్తె ఎండలో మూడో రోజు కీచుమని ఆగింది, తాడు లాగితే రాలేదు. సిలిండర్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు పడి ఉన్నాయి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కదా, పెట్రోలు తగ్గిస్తే ఆయిల్ కూడా తగ్గి, వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి గడ్డిలో పెట్టకుండా పూర్తి రేస్ ఇచ్చినప్పుడు చప్పుడు కొంచెం బొంగురుగా, గరగరమని ఉండాలి. గడ్డిలో పెట్టగానే నున్నబడాలి. ఖాళీగానే నున్నగా జుయ్యిమంటున్నదంటే హెచ్ స్క్రూను అరపావు చుట్టు తెరవండి. కొంచెం పొగ వచ్చినా నష్టం లేదు.

నైలాన్ తీగ వాడేవారైతే ఇంకొక మాట. ఎక్కువ వెడల్పు కోస్తుందని గార్డు తీసేసి తీగను పొడుగ్గా వదిలితే ఆ బరువుకు ఇంజిన్ వేగం అందుకోలేక వేడెక్కుతుంది, లోపం కార్బొరేటర్‌దే అనిపిస్తుంది. బ్లేడు విప్పేటప్పుడు ఆ నట్టుకు ఎడమ మర ఉంటుందని, అంటే గడియారం ముల్లు దిశలో తిప్పితేనే వదులవుతుందని గుర్తుంచుకోండి. మామూలు నట్టు అనుకొని నేను అరగంట సేపు దాన్ని ఇంకా బిగించాను. కొసన ఉండే గేరు డబ్బాకు పక్కన చిన్న బోల్టు ఉంటుంది, సుమారు 25 గంటల పనికొకసారి అది తీసి గ్రీజు పెట్టండి.

ఇంత చేసి, స్లో స్పీడు సరిగ్గా తగ్గించిన తర్వాత కూడా బ్లేడు తిరుగుతూనే ఉంటే, క్లచ్ షూలను వెనక్కి లాగే స్ప్రింగు తెగి ఉండవచ్చు. అప్పుడు మార్చవలసింది ఆ స్ప్రింగును, కార్బొరేటర్‌ను కాదు.