జనరల్ మెడిసిన్‌లో ఏం చూస్తారు? మా అమ్మ మంచం పక్కన 11 రోజులు

మీరు అడిగినవి రెండు. నాన్నగారికి షుగరుంది, వారం నుంచి జ్వరం, కాళ్ల వాపు, పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్‌లో చేర్చారు, అక్కడ ఉంచకుండా నేరుగా కిడ్నీ డాక్టరుకి చూపిస్తే పోలా అన్నది ఒకటి. పీజీ డాక్టరు ఎవరో వచ్చి పరిశోధన అంటూ సంతకం అడుగుతున్నారు, పెట్టొచ్చా అన్నది రెండోది. నేను డాక్టర్ని కాను. మా అమ్మ మంచం పక్కన కింద చాపేసుకుని 11 రోజులు పడుకున్నవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను.

మాది గుంటూరు పక్క పల్లె. మూడేళ్ల కిందట కార్తీకమాసంలో అమ్మకి జ్వరం మొదలైంది. ఊళ్లో ఆర్ఎంపీ రెండు రోజులు సూదులేశాడు. తగ్గలేదు. టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఇంకోచోట ప్లేట్‌లెట్లు 42 వేలకి పడ్డాయి, డెంగీ అన్నారు. ఎనిమిదో రోజుకి ఆయాసం వచ్చింది, మూత్రం తగ్గిపోయింది, మాట తడబడుతోంది. అప్పుడు గానీ పెద్దాసుపత్రి గుర్తురాలేదు మాకు. అప్పటికే 60 వేలు ఖర్చయ్యాయి, అది వేరే ఏడుపు.

క్యాజువాలిటీ నుంచి ఏఎంసీ వార్డుకి పంపారు. అక్యూట్ మెడికల్ కేర్ అని, మెడిసిన్ వాళ్లదే, ప్రాణం మీదికొచ్చినవాళ్లని పెట్టే వార్డు. ఒక హౌస్ సర్జన్ అమ్మాయి కేస్ షీట్ రాస్తూ "ఏం పని చేస్తారమ్మా మీరు?" అని అడిగింది. ఎనిమిది రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. గేదెలకి గడ్డి కోసుకొస్తాను, కాలవ గట్టుకి పోతాను అంది అమ్మ. ఆ అమ్మాయి పెన్ను జేబులో పెట్టేసి, నన్ను బయటికి పొమ్మని, తెర లాగింది. తల వెంట్రుకల దగ్గర్నుంచి అరికాళ్ల దాకా వెతికిందట. లంగా బొందు కట్టుకునే చోట, నడుం మడతలో దొరికింది. సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. బొందు ఒరుసుకుని పుండు పడిందనుకుంది అమ్మ. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికానని పురుగు పిల్ల కుడితే వస్తుంది, కుట్టినచోట ఆ చెక్కు కడుతుంది. అందరికీ కట్టదు, కట్టినా చంకలోనో గజ్జల్లోనో దాక్కుంటుంది. పేరు దగ్గరగా ఉందని మోసపోవద్దు, టైఫాయిడ్‌కి మామూలుగా ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ దీని మీద పనిచెయ్యదు. ఇది స్క్రబ్ టైఫసేనా అని తేల్చే ఐజీఎం పరీక్షకి రక్తం పంపారు గానీ ఫలితం కోసం ఆగలేదు, ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున్నకి ఒళ్లు చల్లబడింది. రిపోర్టు నాలుగో రోజు వచ్చింది.

ఆ మందు మాట వచ్చింది కాబట్టి ఒకటి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్‌ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో పెద్దకొడుకు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. కనిపెట్టింది అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్, ఆ సంస్థలో పరిశోధనలు నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. యూనిట్ చీఫ్ రౌండ్స్‌లో పీజీలని దీని వెనకున్న తెలుగువాడెవరని అడిగితే ఒక్కళ్లూ నోరు విప్పలేదు. పక్కన నిలబడి నేనూ తెల్లమొహం వేశాను.

ఇక కిడ్నీ డాక్టరు సంగతి. మా అమ్మకి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.8కి పెరిగి ఉంటే ఆయనా వచ్చారు. మెడిసిన్ వాళ్లే చీటీ రాసి పిలిపించారు. జ్వరం లొంగితే ఇదీ దిగుతుంది, డయాలసిస్ అక్కర్లేదు అని రాసి వెళ్లిపోయారు. అలాగే దిగింది. మీ నాన్నగారికి షుగరు, జ్వరం, వాపు మూడూ ఉన్నాయి, ఏది దేనివల్ల వచ్చిందో ముందు తేలాలి. ఆ చిక్కు విప్పడమే మెడిసిన్ వాళ్ల పని. అవసరమైతే వాళ్లే పంపిస్తారు. అసలు కిడ్నీ, గుండె స్పెషలిస్టుల్లో చాలామంది ముందు జనరల్ మెడిసిన్‌లో మూడేళ్లు ఎండీ చేసి, ఆ పైన మూడేళ్లు డీఎం అనే స్పెషలిస్టు చదువు చదివినవాళ్లే.

మెడిసిన్ వార్డంటే జ్వరాలూ బీపీలూ అనుకునేవాణ్ణి నేను. పక్షవాతం, షుగరు పెరిగి స్పృహ తప్పినవాళ్లు, పురుగుమందు తాగినవాళ్లు, అందరూ అక్కడికే. ఒక రాత్రి మా పక్క మంచానికి పాము కరిచిన కుర్రాణ్ణి తెచ్చారు. ఏ పామో చూడలేదు. పీజీ ఒక శుభ్రమైన గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి, సిస్టర్ టేబుల్ మీద గోడవారగా నిలబెట్టి, "20 నిమిషాలు దీన్నెవరూ ముట్టుకోవద్దు" అంది. వార్డంతా దాన్నే చూస్తూ కూర్చున్నాం. టైం అవగానే ఒంపి చూసింది. గడ్డ కట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది. రక్తపింజర లాంటిదే అయ్యుంటుంది అంటూ వెంటనే విషానికి విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టారు. మిషనూ లేదు, స్కానింగూ లేదు. ఒక గాజు ట్యూబు, గోడ గడియారం, అంతే.

సంతకం గురించి. మమ్మల్నీ అడిగారు. ఎండీ చదివే ప్రతి పీజీ ఒక తీసిస్, అంటే సొంతంగా చేసిన పరిశోధన మీద పుస్తకం, రాయాలి. మా దగ్గరికొచ్చినాయనది స్క్రబ్ టైఫస్‌లో కిడ్నీలు ఎంతమందికి దెబ్బతింటున్నాయన్న పరిశీలన. మామూలుగా తీసే రక్తంతోపాటు ఇంకొక్క ట్యూబు ఇవ్వాలి, మందుల్లో మార్పేమీ ఉండదు. తెలుగులో రెండు పేజీలిచ్చి చదివి చెప్పాడు. అమ్మ అంతా విని "నా రక్తంతో నీకు పరీక్ష పాసవుద్దా బాబూ?" అంది. "అయితే మీకు స్వీట్ తెస్తానమ్మా" అన్నాడు. తెచ్చాడు కూడా, కాకపోతే ఆరు నెలల తర్వాత, రివ్యూకి వెళ్లినప్పుడు.

మీరు అడగాల్సింది ముందు ఇది: ఊరికే పరిశీలనా, లేక కొత్త మందో కొత్త పద్ధతో ప్రయత్నించే ట్రయలా? ట్రయలయితే సీటీఆర్ఐ నంబరు, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ ఇచ్చే నంబరు, ఉండాలి, అడగండి. ఏదైనా సరే పరిశోధనలో రోగికి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని ఉండాలి. అదనపు పరీక్షల ఖర్చు మీ మీద పడకూడదు. వద్దంటే వైద్యం ఆపరు, మధ్యలో మానుకోవచ్చు కూడా. ఇవన్నీ ఆ కాగితంలోనే రాసుండాలి, లేకపోతే పెట్టకండి. కాపీ ఒకటి మీకివ్వమనండి. తొందరపెడితే "సాయంత్రం చెప్తాం" అనండి, ఏం కాదు.

అలాగని పరిశోధన అనగానే భయపడాల్సిందీ లేదు. ఇంటికొచ్చాక తెలిసింది నాకు: తీవ్రంగా వచ్చిన స్క్రబ్ టైఫస్‌కి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ నరంలోకి ఏదో ఒక్కటే ఎక్కించడం మేలా, రెండూ కలిపి ఎక్కించడం మేలా అని మన దేశంలోనే దాదాపు 800 మంది మీద ట్రయల్ చేశారు. వెల్లూరు సీఎంసీ వాళ్లు ముందుండి నడిపారు, 2023లో అచ్చయింది. చావు, తగ్గని ఇబ్బందులు, దిగని జ్వరం అన్నీ కలిపి లెక్కేస్తే రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్లలో 33 శాతం, ఒక్కొక్కటే ఇచ్చినవాళ్లలో 47, 48 శాతం. చావుల్లో మాత్రం తేడా తేలలేదు. ఆ 800 మంది పక్కనా నాలాంటివాడెవడో కాగితం పట్టుకుని సంతకం పెట్టాలా వద్దా అని నిలబడే ఉంటాడు.

చివరగా నేను చేసిన పొరపాటొకటి. మెడిసిన్‌లో యూనిట్లుంటాయి, అంటే డాక్టర్ల జట్లు, ఒక్కో యూనిట్‌కి ఒక్కో ఓపీ రోజు. నాన్నగారిని చేర్చుకున్న యూనిట్టే తర్వాతా చూస్తుంది. మేం రివ్యూకి ఏదో ఒకరోజులే అని మంగళవారం వెళ్లి, మూడు గంటలు లైన్లో కూర్చున్నాక "మీది శుక్రవారం" అనిపించుకుని తిరిగొచ్చాం. డిశ్చార్జి కార్డు చేతికిచ్చేటప్పుడే యూనిట్ నంబరు, ఓపీ రోజు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. నాన్నగారి పాత మందుల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి రేపు పొద్దున రౌండ్స్‌కి సిద్ధంగా ఉంచండి. ఆయన కాలి వేళ్ల సందులు కూడా ఒకసారి చూడమనండి, షుగరు వాళ్లకి అక్కడ పుండున్నా తెలియకపోవచ్చు.