కడుపులో బిడ్డకు ఎప్పటి నుంచి నేర్పించవచ్చు?

మాది అనంతపురం. మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. తను నన్ను అడిగింది, "కడుపులో ఉండగానే బిడ్డకు ఏమైనా నేర్పొచ్చా" అని.

అభిమన్యుడిలా పాఠాలు వినడం జరగదు. వినడం మాత్రం నిజమే. సుమారు ఆరో నెల నుంచి బిడ్డ శబ్దాలకు కదులుతుంది. బయటి మాటలు మందగించి చేరతాయి, అమ్మ గొంతు మాత్రం ఆమె ఒంట్లోంచే చేరుతుంది. 1986లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. గర్భిణులు చివరి ఆరు వారాలు ఒకే కథను రోజూ పైకి చదివారు. పుట్టిన పిల్లలు కొత్త కథకన్నా ఆ కథ వినడానికే మొగ్గు చూపారు. అర్థం తెలిసి కాదు, ఆ లయ అలవాటై.

కాబట్టి ఏడో నెల నుంచి మామూలుగా మాట్లాడితే చాలు. మా చెల్లెలు అరుగు మీద చేటలో శనక్కాయలు ఒలుస్తూ "ఏం నాయనా, నిద్రపోతాండావా?" అంటుంది. ఒక్కోసారి పొట్ట ఓ పక్కకి ఉబుకుతుంది! పొట్టకు హెడ్‌ఫోన్లు ఆనించి పాటలు పెట్టొద్దు, అవసరం లేదు.

మెదడు ఎదుగుదలకు వీటన్నిటికన్నా ముఖ్యం ఐరన్ మాత్రలు, అయోడిన్ ఉప్పు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుందని మా వైపు చాలామంది మానేస్తున్నారు. అది ఐరన్ రంగే, దయచేసి మానకండి. టీతో మాత్రం వేసుకోవద్దు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.