లక్ష రూపాయల కార్డు, పది రూపాయల అట్టపెట్టె

మీ ప్రశ్న నాకర్థమైనంతవరకు ఇది: ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్లో బొమ్మల పని చూసేది) ఆర్డర్ పెట్టారు, ఎల్లుండి విశాఖ మధురవాడలో మీ ఇంటికొస్తుంది. పెట్టెలో ఏమేం ఉంటాయి, విప్పేటప్పుడు వీడియో తియ్యాలా, ద్వారకానగర్ షాపులో బిగించుకుని ఇంటికెలా తెచ్చుకోవాలి, ఈ మూడూ అడిగారు. నేను 2024లో ఇలాంటిదే, 4080 సూపర్ కార్డు కొన్నాను. ఉండేది పెదవాల్తేరులో, చేసేది ఇళ్ళ ఇంటీరియర్లకి త్రీడీ రెండరింగ్. చదివి నేర్చుకున్నది తక్కువ, చేతులు కాల్చుకున్నది ఎక్కువ. అదే రాస్తున్నాను.

వీడియో తియ్యండి. లోపల వస్తువు తేడా వస్తే అమ్మినవాళ్ళు మొదట అడిగేది అదే. కట్ లేకుండా ఒకే టేకులో రావాలి. పార్సిల్ మీద అడ్రస్ లేబుల్, ఆరు వైపులా అట్ట, సీల్ స్టిక్కర్లు, తర్వాత కత్తి. డబ్బా మీదున్న సీరియల్ నంబరు, కార్డు మీదున్న నంబరు రెండూ ఒకే షాట్‌లో కనపడాలి. బిల్లులో కూడా అదే నంబరుందో లేదో చూసుకోండి, వారంటీకి ఆ బిల్లే ఆధారం. ఓపెన్ బాక్స్ డెలివరీ పెట్టుకునే వీలుంటే మరీ మంచిది, పెట్టె చూశాకే ఓటీపీ చెప్పండి.

మా ఇంట్లో సీన్ వేరు. పార్సిల్ తీసుకుంది అమ్మ. నేను వచ్చేసరికి డబ్బా మీద పసుపు, కుంకుమ. "ఏట్రా ఇది, బండి డబ్బులెట్టి ఫ్యాను కొన్నావా?" అంది. పెట్టె మీద బొమ్మలో మూడు ఫ్యాన్లే కనపడుతున్నాయి మరి, ఆవిడ తప్పేం లేదు. కొత్త బండి కొంటే ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించడం మన ఊళ్ళో ఆనవాయితీ కదా, దీన్నీ తీసుకెళ్దామంది. పసుపు నీళ్ళు చల్లుతారని భయపడి వద్దన్నాను.

నీళ్ళంటే గుర్తొచ్చింది. ఆ రాత్రి పార్సిల్ ఏసీ గదిలో పెట్టాను. పొద్దున్నే కార్డు కవరులోంచి తీసి, చేత్తో పట్టుకుని హాల్లోకొచ్చాను. మే నెల, మన ఊరి ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసుకి పట్టినట్టు వెనకున్న మెటల్ ప్లేటంతా సన్నటి చెమ్మ పట్టింది. వేలితో రాస్తే గీత పడింది. అలాగే బిగించి స్విచ్ వేసుంటే ఏమయ్యేదో! గంటన్నర ఫ్యాను కింద పెట్టి కూర్చున్నాను. మీరు మాత్రం కంప్యూటరున్న గదిలోనే విప్పండి. పార్సిల్ ఏసీలో ఉండుంటే, కవరు విప్పకుండా బయట ఓ గంట వదిలేసి అప్పుడు తియ్యండి.

లోపల మొదట దళసరి నల్ల ఫోమ్, దాని మధ్యలో యాంటీ స్టాటిక్ కవరు (స్థిర విద్యుత్తు తగలకుండా కాపాడేది), అందులో కార్డు. ఫ్యాన్ల మీద, అంచుల మీద పల్చటి ప్లాస్టిక్ పొరలుంటాయి, పీకెయ్యండి. కంప్యూటరు లోపలి స్లాట్‌లోకి దిగే బంగారు రంగు అంచుకి ప్లాస్టిక్ తొడుగుంటే అదీ తీసెయ్యాలి. మానిటర్ పోర్టులకి రబ్బరు మూతలుంటే మాత్రం వాడనివాటికి అలాగే ఉంచండి. బీచ్‌కి దగ్గరుండేవాళ్ళకి ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుసు, మా కిటికీ ఊచలు రెండేళ్ళకే పొరలుపొరలుగా లేస్తున్నాయి.

ఇక కార్డు పక్కన చిన్న అట్ట అరలో వచ్చేవి. అందరూ కార్డు చూసి మురిసిపోయి ఈ అరని పక్కన పడేస్తారు. నేనూ అంతే. మౌస్ ప్యాడ్, స్టిక్కర్లు, కాగితాలు ఒక్కో కంపెనీ ఒక్కోలా ఇస్తుంది, అవి ఉన్నా లేకపోయినా ఒకటే. పనికొచ్చేవి రెండు: పవర్ అడాప్టరు, కార్డు కుంగకుండా కింద నిలబెట్టే స్టాండు.

అడాప్టరుకి ఒక వైపు 16 పిన్నులు, రెండో వైపు మామూలు 8 పిన్నుల సాకెట్లు. 5080కి సాధారణంగా మూడు సాకెట్లొస్తాయి. 16 పిన్నుల్లో 12 కరెంటుకి. మిగతా 4 సన్నవి, ఈ కేబుల్ ఎన్ని వాట్ల దాకా ఇవ్వగలదో కార్డుకి చెప్పడానికి. 2022 అక్టోబరులో ఎన్‌విడియా 4090 కార్డు వచ్చిన కొద్ది వారాలకే ఈ కనెక్టర్లు కరిగిపోయాయని గోల లేచింది. పూర్తిగా లోపలికి దిగకపోవడమే ఎక్కువ కేసుల్లో కనపడిందని ఎన్‌విడియా నవంబరులో చెప్పింది. ఆ తర్వాతే 12వీ-2×6 అనే సవరించిన రకం వచ్చింది. అందులో ఆ 4 సన్న పిన్నుల్ని పొట్టిగా చేశారు, సరిగ్గా దిగకపోతే కార్డు కరెంటు తీసుకోకుండా ఉండటానికి. అయినా మీ వేళ్ళని నమ్ముకోండి. గట్టిగా నొక్కాక టార్చి వేసి పక్కనుంచి చూడండి, సందు కనపడకూడదు. కనెక్టరు దాటిన వెంటనే కేబుల్ వంచెయ్యకండి, ఓ మూడున్నర సెంటీమీటర్లు తిన్నగా పోనిచ్చి అప్పుడు తిప్పండి. కేబినెట్ (కంప్యూటరు డబ్బా) అద్దం తలుపు ఆ కేబుల్‌ని నొక్కుతుంటే ఆ కేబినెట్ మీ కార్డుకి చాలదన్నట్టే.

ఇంకోటి. 5080 లాగేది 360 వాట్లు, ఒక్కో 8 పిన్నుల కేబుల్ లెక్క 150 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకి కరెంటిచ్చే పెట్టె) నుంచి మూడు విడి కేబుళ్ళు లాగండి. ఒకే కేబుల్‌కి రెండు తలలుంటాయి చూడండి, షాపుల్లో పని తొందరగా అవుతుందని అది తగిలించేస్తారు. దగ్గరుండి వద్దని చెప్పండి. ఎస్‌ఎంపీఎస్ 850 వాట్లుండాలని ఎన్‌విడియా సూచన. మీది ఎంతో ప్రశ్నలో రాయలేదు.

పెట్టె విప్పకముందే చెయ్యాల్సిన పనొకటుంది, టేపు తీసుకుని కేబినెట్ కొలవండి. నాది 38 సెంటీమీటర్ల కార్డు పడుతుందని కంపెనీ రాసింది. కార్డు 33. బోలెడు జాగా అనుకున్నాను. ముందు వైపు బిగించిన, ప్రాసెసర్ని చల్లబరిచే రేడియేటరు 27 మిల్లీమీటర్లు, దాని ఫ్యాన్లు 25, మొత్తం 52 దానికే పోయాయి. మిగిలింది 328. రెండు మిల్లీమీటర్లు చాల్లేదు! రేడియేటరు పైకప్పుకి మార్చడానికి ఆదివారమంతా పట్టింది.

బిగించాక మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారో లేదో చూసుకుని, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం నడపండి. 5080 అయితే కుడా కోర్లు (లెక్కలు చేసే భాగాలు) 10752, ఆర్‌ఓపీలు (బొమ్మని చివర్లో సిద్ధం చేసే భాగాలు) 112 చూపించాలి. 2025 మొదట్లో వచ్చిన కొన్ని కార్డుల్లో ఆర్‌ఓపీలు 8 తక్కువున్నాయని ఎన్‌విడియానే ఒప్పుకుంది, అలాంటివి మార్చిస్తారు. 104 అని కనపడితే ఆ రోజే వాపసు పెట్టండి.

ఇప్పుడు అట్టపెట్టె. నేను కొన్న రెండు నెలలకి అమ్మ పాత పేపర్లతో పాటు దాన్నీ అమ్మేసింది, కిలో పది రూపాయల లెక్కన. ఫోమ్, కవరు, అడాప్టరు అర, అన్నీ దాంతోనే పోయాయి. ఐదో నెలలో మధ్య ఫ్యాను కిరకిరమని మొదలెట్టింది. ఆ కంపెనీకి మన ఊళ్ళో సర్వీస్ సెంటరు లేదు, కొరియర్లో పంపమన్నారు, ప్యాకింగ్ సరిగ్గా లేక దెబ్బ తగిలితే మాకు సంబంధం లేదన్నారు. రెండు కిలోల బరువున్న వస్తువు! పక్కింటివాళ్ళ టీవీ అట్ట అడిగి తెచ్చి, థర్మోకోల్ కోసి, మధ్యలో నా చిన్నప్పటి బొంత చుట్టి పంపాను. కార్డు బాగై తిరిగొచ్చింది. బొంత రాలేదు. అమ్మకి ఇప్పటికీ కార్డు కంటే ఆ బొంత సంగతే గుర్తు.

చివరిది, ఇంటికి తెచ్చుకోవడం. షాపులో అన్నీ బిగించి, ఆన్ చేసి చూపించమనండి. చూశాక కార్డు మాత్రం విప్పించెయ్యండి. నిలబెట్టిన కేబినెట్‌లో అంత బరువు ఒక్క స్లాట్ మీదే వేలాడుతుంటుంది. ద్వారకానగర్ నుంచి హనుమంతవాక, ఎండాడ మీదుగా మధురవాడ దాకా ఆటో ఎన్ని గుంతల్లో పడి లేస్తుందో మీకే బాగా తెలుసు. స్టాండు పెట్టినా ఆ కుదుపులకి పక్కకి జరిగిపోతుంది. తిరిగి బిగించడం పది నిమిషాల పని, రెండు స్క్రూలు, ఒక కేబుల్. ఆటోలో కేబినెట్‌ని సీటు మీద పడుకోబెట్టండి, కార్డుని దాని పెట్టెలోనే పెట్టి ఒళ్ళో ఉంచుకోండి.