తెలుగు క్రైస్తవ సంఘానికి ఏ ఊరు?

సందేహం: తిరుపతి, చిత్తూరు, పుత్తూరు నుంచి అమెరికా వచ్చిన విశ్వాసులం కొందరం డల్లాస్ చుట్టుపక్కల, ఇంకొందరం బెంటన్‌విల్‌లో ఉన్నాం. తెలుగు ఆరాధన మొదలుపెట్టాలని భారం ఉంది. ఏ ఊరు ఎంచుకోవాలి?

జవాబు: తెలుగువాళ్లు ఎక్కడ ఎక్కువో చూసి ఊరు తేల్చుకోకండి. ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్ల లెక్క అమెరికా సెన్సస్ బ్యూరో దగ్గర దొరుకుతుంది గానీ, వాళ్లు మతం అడగరు. మన దగ్గర 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం. కాగితాల్లో రాయించుకోనివాళ్లను కలుపుకున్నా, పెద్ద తెలుగు ఊరు చూసి పెద్ద సంఘం వస్తుందనుకోవడం పొరపాటు.

పనికొచ్చే లెక్క మన ఊళ్లలోనే ఉంది. డిసెంబరులో సెలవుకు పోయినప్పుడు తిరుపతిలో సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘాల్లో, చిత్తూరులో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో, మీకు తెలిసిన పెంతెకొస్తు, బ్రదరన్ సహవాసాల్లో అడగండి. ఎవరి కూతురు ఏ ఊళ్లో ఉందో స్త్రీల సమాజంలోని పెద్దమ్మలకు రిజిస్టరు కంటే బాగా తెలుసు. ఒక్కో కుటుంబానికి ఒక వరుస పెట్టి జిప్ కోడ్, ఏ సంఘం, సొంతిల్లా అద్దిల్లా, పిల్లల వయసు, ఇంట్లో ప్రార్థన ఏ భాషలో అన్నవి రాసుకోండి. చిత్తూరు సీఎస్ఐ వేలూరు డయోసిస్‌లోది. అక్కడి కుటుంబాల్లో కొందరికి తమిళ ఆరాధనే అలవాటు, వాళ్లు ఇక్కడా తమిళ సంఘానికే పోవచ్చు.

తర్వాత మ్యాపు తెరిచి, కారులో అరగంటలోపు చేరగలిగేవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లనే తీసుకోండి, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాదాపు పాతిక మైళ్లు, తిరుపతి నుంచి కాళహస్తికి ఉన్నంత దూరం. చంటిపిల్లలతో అంత దూరం మొదటి నెల వస్తారు, మూడో నెలకు మానేస్తారు. సొంతిల్లు కొనుక్కుని, పిల్లల్ని బడిలో వేసుకున్నవాళ్లే నిలిచేవాళ్లు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే వేరే ఉద్యోగం చూసుకోవడానికో దేశం విడిచి వెళ్లడానికో గడువు గరిష్ఠంగా 60 రోజులు. బెంటన్‌విల్ లాంటి చోట వాల్‌మార్టే పెద్ద ఆధారం కాబట్టి, అక్కడ ఉద్యోగాల్లో ఒక కోత పడితే సంఘంలో సగం మంది ఊరు మారాల్సి రావచ్చు. నిలిచే కుటుంబాలు పది పన్నెండైనా లేకపోతే ఇళ్లలో ప్రార్థన కూడికతో ఆగడమే మంచిది.

సంఘాలు చీలేది ఎక్కువగా బాప్తిస్మం దగ్గర. లూథరన్, సీఎస్ఐ వాళ్లు చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇప్పిస్తారు. పెంతెకొస్తు, బ్రదరన్ వాళ్లకు పెద్దయ్యాక, అదీ నీళ్లలో ముంచితేనే. పట్టికలో పన్నెండు కుటుంబాలుండి అవి ఆరూ ఆరుగా ఉంటే, మొదటి బిడ్డ పుట్టిన రోజే గొడవ మొదలవుతుంది. ఈ మాట ఊరు ఎంచుకోకముందే తేల్చుకోండి. అద్దె చర్చి వెతకడంలోనూ ఇది పనికొస్తుంది: బాప్టిస్టు చర్చిల్లో ముంచే తొట్టి ఉంటుంది, లూథరన్ చర్చిల్లో చాలాచోట్ల చిన్న గిన్నె పీఠమే.

చాలా అమెరికన్ చర్చిలు మధ్యాహ్నం తర్వాత హాలు ఇస్తాయి. సండే స్కూలుకు విడిగా గది, భోజనాలకు వంటగది ఇస్తారో లేదో ఒప్పందంలో రాయించుకోండి. లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎవరికైనా దెబ్బ తగిలినా, ఏదైనా పాడైనా నష్టం కట్టే బీమా) సర్టిఫికెట్ అడుగుతారు, మామూలుగా పది లక్షల డాలర్లకు. అద్దె, ఇన్సూరెన్స్ కలిపి నిలిచే కుటుంబాలకు పంచి చూసి, భారంగా అనిపిస్తే పక్క ఊరు చూడండి.

పాస్టర్‌ని మన వైపు నుంచి తెచ్చుకోవాలంటే మత సేవకులకిచ్చే ఆర్‌1 వీసా కావాలి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. పన్ను మినహాయింపు కోసం చర్చి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు దరఖాస్తు చేయనక్కర్లేదు గానీ, ఆర్‌1 పిటిషన్‌కు ఐఆర్‌ఎస్ ఇచ్చిన డిటర్మినేషన్ లెటర్ (పన్ను మినహాయింపు ఉందని ధ్రువీకరించే ఉత్తరం) కావాలి. వచ్చే పాస్టర్ అంతకుముందు కనీసం రెండేళ్లు అదే డినామినేషన్‌లో (క్రైస్తవ శాఖలో) సభ్యుడై ఉండాలి. మీరు స్వతంత్ర సంఘంగా రిజిస్టరై, తిరుపతి లూథరన్ అయ్యగారిని పిలిస్తే పిటిషన్ నిలవడం కష్టం. మొదట గరిష్ఠంగా 30 నెలలు ఇస్తారు, మొత్తం ఐదేళ్లే. అప్పటిదాకా హెచ్‌1బీ మీద ఉన్న సోదరుడు వాక్యం చెప్పవచ్చు, కానీ కానుకల్లోంచి ఒక్క డాలరు కూడా జీతంగా తీసుకోకూడదు.